మాటల్లేని పెరడు

అక్టోబరు 11, శనివారం

ఆరు వారాలు నోరు విప్పకూడదు. గుసగుసలు కూడా పనికిరావు. మామూలు మాట కంటే గుసగుసే గొంతుకు ఎక్కువ చెరుపట. దగ్గకూడదు, గొంతు సవరించుకోకూడదు, కూనిరాగం తీయకూడదు. డాక్టరు ఇవన్నీ వేళ్ళు మడుస్తూ చెప్పి, "అర్థమైందా?" అన్నాడు. అర్థమైందని చెప్పబోయాను. ఆయన వేలు చూపించి బెదిరించాడు. తల ఊపాను.

పంతొమ్మిదేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్న మనిషిని. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యంగా వస్తుందో, ఎవరి పిల్ల తప్పిపోయి ఆఫీసు గదిలో ఏడుస్తోందో, అన్నీ ఈ గొంతే చెప్పింది. సన్నగా, ఈల వేసినట్టు ఉండే గొంతు. ఇంజన్ల హోరు మీద నుంచి దూకి అవతలి వీధి దాకా వెళ్ళేది. ఇరుగుపొరుగులో ఎవరూ నన్ను పేరు పెట్టి పిలవరు. అందరికీ మైకుగారినే.

ఆ గొంతులో మిరియపు గింజంత పొక్కు లేచింది. మొన్న బుధవారం తీసేశారు. అంతే. చిన్న విషయం.

మా ఆవిడ చిన్నపిల్లలు దిద్దుకునే పలక, సుద్దముక్కలు తెచ్చిచ్చింది. ఈ నోటుబుక్కు మాత్రం నేనే కొనుక్కున్నాను. పలక మీద రాసింది ఇంట్లో అందరూ చదువుతారు.

అక్టోబరు 12, ఆదివారం

నోటితో చేయలేని చప్పుడంతా చేతులతో చేస్తున్నానట. తలుపులు దబదబలాడిస్తున్నానట, గిన్నెలు ఎత్తి పడేస్తున్నానట. మా ఆవిడకు ఆదివారం ఒక్కటే సెలవు. మిగతా రోజులన్నీ కళ్ళద్దాల షాపులో నిలబడి అందరి చూపూ కొలుస్తుంది. "కాస్త పెరట్లోకి వెళ్ళండి. అక్కడ ఎంత చప్పుడు చేసినా అడిగేవాళ్ళుండరు" అని వెనక తలుపు తీసి పట్టుకుంది.

వెళ్ళాను. ఏడేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటూ ఆ పెరడును ఒక్కసారి కూడా తిన్నగా చూడలేదు. అడ్డంగా పద్దెనిమిది అడుగులు, పొడుగు దానికి రెట్టింపు. ఓ మూల కుళాయి, ఇంకో మూల పనిముట్లు పెట్టుకునే రేకుల కొట్టు. టమాటా మొక్కలు సగం ఎండి కర్రలకు వేలాడుతున్నాయి. డేలియాలు మాత్రం ఎవరి కోసమో తెలియదు గానీ పళ్ళేలంత పూలు పూసి నిలబడ్డాయి. పక్కింటి చెట్టు తన ఆకులన్నీ మా వైపే రాల్చుకుంటోంది.

ఇది మా అత్తయ్య పెంచిన తోట. మూడేళ్ళ క్రితం ఆమె పోయాక మావయ్య చూసుకునేవాడు. ఈ ఏడు ఆయన మోకాళ్ళు వంగడం మానేశాయి. వెనక గుమ్మం పక్కన పేము కుర్చీ వేసుకుని తోట పాడవుతుంటే చూస్తూ కూర్చుంటున్నాడు.

ఇవాళ కూడా అక్కడే ఉన్నాడు. నన్ను చూసి, లోపలున్న కూతురితో ఊరంతా వినపడేలా అన్నాడు: "మీ ఆయన పెరట్లో ఏం చేస్తున్నాడో కనుక్కో."

నేను ఆయనకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

అక్టోబరు 14

మావయ్య గురించి రాసుకోవాలి. లేకపోతే కడుపుబ్బిపోయేలా ఉంది.

ఆయన భూముల సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాడు. చెవులు బొత్తిగా వినపడవు. చెవి మిషను ఉంది గానీ సంచిలో పడుకుంటుంది. "అది పెట్టుకుంటే గిన్నెల మోత వినపడుతుంది, మనుషులు వినపడరు" అంటాడు. కూతురు ఎదురుగా నిలబడి పెదాలు ఆడించి చెబితే అర్థం చేసుకుంటాడు. నాతో మాత్రం మాటల్లేవు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఏదో ఒకటి పలకరించేవాణ్ణి. ఆయన పట్టించుకునేవాడు కాదు. నేనూ మానేశాను. మైకులో అరవడం కూడా ఓ ఉద్యోగమేనా అని పెళ్ళికి ముందు అన్నాడని విన్నాను. ఆ చిన్నచూపు ఇంకా పోలేదు. పోనీ, నాకేం.

అసలు విషయం. పొద్దున కలుపు పీకుతుంటే కుర్చీలోంచి పెద్ద కేక. "అది పీకకు. కలుపు కాదది."

కూతురు షాపుకు వెళ్ళింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. అంటే నాతోనే అన్నాడు.

పలక మీద "మరేంటిది?" అని రాసి చూపించాను. ఆయన జేబులు తడుముకున్నాడు. కళ్ళజోడు లేదు. కళ్ళద్దాల షాపులో పనిచేసే మనిషికి తండ్రి, ఏనాడూ కళ్ళజోడు దగ్గర ఉంచుకోడు. పలకను దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు, తిరగేసి వెనక కూడా చూశాడు. చివరికి తిరిగి ఇచ్చేసి, "చామంతి. ఇంకో పది రోజుల్లో మొగ్గలేస్తుంది. నువ్వు పీకింది మళ్ళీ పాతు" అన్నాడు.

పాతాను. పదకొండు మొక్కలు.

మాట రానివాడు, మాట వినపడనివాడు, ఇద్దరమే సాయంత్రం దాకా ఉన్నాం. రోజు ఎలా గడిచిందో తెలియలేదు.

అక్టోబరు 16

వాన. పెరట్లోకి వెళ్ళలేదు. ఇంత పొడుగు రోజు ఈ మధ్య చూడలేదు.

అక్టోబరు 19

వెల్లుల్లి నాటాం. చలికి ముందు నాటితే నేలలో ఉండి బలుస్తుందట. పాయలు విడదీసి, మొన దేరిన వైపు పైకి ఉండేలా, రెండంగుళాల లోతున పెట్టాలి. ఇంతవరకు బాగానే ఉంది. వరస తిన్నగా రావడం దగ్గర పేచీ వచ్చింది. నా మొదటి వరస చూసి మావయ్య కళ్ళు మూసుకున్నాడు. "పాము పాకినట్టుంది" అన్నాడు.

కొట్టులోంచి ఓ పురికొస ఉండ, రెండు మేకులు తెప్పించాడు. కొస ఒక మేకుకు కట్టి, రెండో మేకు నా చేతికిచ్చి నన్ను గోడ దాకా పంపించాడు. తను కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక కన్ను మూశాడు. అప్పుడు కుడి చెయ్యి పక్కకు చాచి మెల్లగా ఊపాడు. నాకు అర్థం కాలేదు.

"పొలాల్లో కొలత గొలుసు పట్టుకునే మనిషి ఫర్లాంగు దూరంలో ఉంటాడు. అరిస్తే వినపడుతుందా? చేతులతోనే చెప్పాలి. చెయ్యి ఎటు చాపితే అటు జరగాలి. మెల్లగా ఊపితే కొంచెం, గబగబా ఊపితే ఎక్కువ. రెండు చేతులూ తల మీదకెత్తి దించితే సరిపోయింది, పాతెయ్యమని."

ముప్ఫై ఆరేళ్ళు ఆయన బతుకుతెరువు ఆ సైగలే. మధ్యాహ్నానికి నాకూ వచ్చేశాయి. ఆయన ఎడమ చెయ్యి చాపితే నేను అటు. కుడి చెయ్యి చాపితే నేను ఇటు. ఆయన రెండు చేతులూ పైకెత్తి దించగానే నేను మేకు దిగ్గొట్టాను. ఆరు వరసలు, ఒక్కటి కూడా వంకర పోలేదు.

మా ఆవిడ కిటికీలోంచి చాలాసేపు చూసినట్టుంది. "ఇద్దరూ గాలిలో ఈత కొడుతున్నారనుకున్నాను" అంది.

అక్టోబరు 23

బస్టాండు నుంచి కొత్తమ్మాయి వచ్చింది. నా కుర్చీలో ఇప్పుడు తనే కూర్చుంటోంది. నాకు గొంతు లేదని తను కూడా గొంతు తగ్గించి మాట్లాడింది. అందరూ ఇంతే. పాలు పోసే ఆయన అయితే నాకు సైగలు చేస్తాడు, చెవులు కూడా పోయాయనుకుని.

"డ్రైవర్లందరూ మీ గురించే అడుగుతున్నారండీ. నా గొంతు వాళ్ళకి ఆనడం లేదు" అంది.

వాక్యం చివరి మాట మింగెయ్యొద్దు, ఊపిరి ముందే తీసుకుని ఉంచుకోమని పలక మీద రాసిచ్చాను. అది చూసి చాలా సంతోషపడింది. ఆమె వెళ్ళాక నేను కొట్టులోకి వెళ్ళి పారకు పట్టిన తుప్పు వదిలేదాకా గీకాను.

అక్టోబరు 29, బుధవారం

చామంతులు మొగ్గ వేశాయి. మావయ్య చెప్పింది పది రోజులు, పట్టింది పదిహేను. ఆయనకు ఆ మాట రాసి చూపిస్తే మళ్ళీ కళ్ళజోడు లేదు.

ఇవాళ ఆసుపత్రికి ఫోన్ చేయాల్సిన రోజు. తీసిన పొక్కును పరీక్షకు పంపారు. చెడ్డదేమీ కాకపోవచ్చు గానీ ఖాయంగా తెలుసుకోవాలి, మూడు వారాలు పడుతుంది అన్నాడు డాక్టరు. పరీక్షకు పంపినట్టు చీటీ ఇచ్చాడు. అది పోకుండా కొట్టులో, విత్తనాల బిస్కెట్ డబ్బాలో పెట్టాను. ఇంట్లో చెప్పలేదు. చెప్పేంత విషయం కాదు.

ఫోన్ చేద్దామంటే నాకు గొంతు లేదు కదా. ఇంకొకరి చేత చేయించాలంటే వాళ్ళకు చెప్పాలి. నేనే వెళ్ళి కనుక్కోవచ్చు. రెండు బస్సులు మారితే చాలు. కానీ తోటలో పని వదిలేసి ఎలా వెళ్ళేది. గులాబీల కొమ్మలు కత్తిరించాలి, నీళ్ళ గొట్టం చుట్టి లోపల పెట్టాలి.

వచ్చే వారం చూద్దాం.

అక్టోబరు 30

గులాబీలు కత్తిరించాను. గొట్టం చుట్టాను.

నవంబరు 2, ఆదివారం

రాత్రిళ్ళు చల్లబడుతున్నాయి. మిగిలిన టమాటాలన్నీ పచ్చివే కోసేశాం, రెండు గంపలకు వచ్చాయి. వాటిని అట్టపెట్టెల్లో కాగితాల మధ్య పేర్చి, పెట్టెకొక పండిన ఆపిల్ పెడితే వాటంతట అవే పండుతాయట. అది అత్తయ్య పద్ధతి. పెట్టెలన్నీ మా మంచం కిందకు చేరాయి. "ఈ వయసులో మంచం కింద కాపురం పెట్టింది ఎవరండీ అంటే టమాటాలని చెప్పాలి" అని మా ఆవిడ నవ్వింది. నవ్వలేక కడుపు పట్టుకున్నాను. నవ్వడం కూడా వద్దన్నాడా డాక్టరు? అడగలేదు.

ఒంటి నిండా మట్టి. నడుము నొప్పి. ఇన్నాళ్ళూ నేను కూర్చుని ఉద్యోగం చేశానని ఇప్పుడు తెలుస్తోంది. బాగుంది. నిజంగానే బాగుంది.

నవంబరు 4, మంగళవారం

మధ్యాహ్నం కొట్టులో కత్తెరలకు నూనె రాస్తున్నాను. మావయ్య కుర్చీ వదిలి, గోడ పట్టుకుని, మోకాళ్ళను తిట్టుకుంటూ లోపలికి వచ్చాడు. పాలకూర విత్తనాల కోసం వచ్చాడు. డబ్బా మూత తీశాడు. ముక్కు మీద కళ్ళజోడు ఉంది. మూడు వారాలుగా లేనిది సరిగ్గా ఇవాళ ఉంది.

ఆ చీటీ రెండు సార్లు చదివాడు. నా వైపు చూశాడు. చేతిలో కత్తెర కింద పెట్టాను.

మాట్లాడటానికి నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు. వంటింటి కిటికీ కొట్టుకు ఆరడుగుల దూరం. ఇవాళ మా ఆవిడ సగం పూట సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. మెల్లగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. ఆయన రహస్యం చెబితే వీధి చివర వినపడుతుంది.

చెయ్యి చాపాడు. పలక ఇచ్చాను.

గుండ్రటి అక్షరాలు, అచ్చు గుద్దినట్టు: "అమ్మాయికి తెలుసా?"

"తెలియదు" అని రాశాను.

"ఎందుకని?"

"భయపడుతుందని."

ఆయన చొక్కా చేత్తో తుడిచి, ఒక్కటే మాట రాశాడు. "ఎవరు?"

సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా చేతిలోంచి దాన్ని తీసుకుని, పలక రెండు వైపులా నింపేసి ఇచ్చాడు. ఆ రాసింది ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"మీ అత్తయ్య తన జబ్బు సంగతి నాకు నాలుగు నెలలు చెప్పలేదు. ఈ మళ్ళ మధ్యనే తిరుగుతూ ఉండేది. నీళ్ళ బక్కెట్టు మోస్తూ మధ్యలో ఆగేది. ఆయాసం అనేది. నేను ఆ కుర్చీలో కూర్చుని వరస వంకరపోయిందని సరిదిద్దేవాణ్ణి. తెలిసుంటే బక్కెట్టు నేను మోసేవాణ్ణి. అంతే, ఇంకేం చేయగలిగేవాణ్ణి కాదు. కానీ బక్కెట్టు మోసేవాణ్ణి."

నాకు ఇచ్చి, విత్తనాల పొట్లం తీసుకుని, వచ్చినట్టే గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పలక తుడవడానికి చెయ్యి రాలేదు. సాయంత్రం దాకా కొట్టులోనే ఉంచాను.

నవంబరు 5

చెప్పాను. చెప్పడం అంటే చీటీ చేతిలో పెట్టాను.

షాపు నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది. తుడుచుకుని, తీసుకుని చదివింది. మీద తారీఖు వేసి ఉంది. మనసులో లెక్క కట్టింది.

"ఇరవై ఎనిమిది రోజులు" అంది.

తల ఊపాను.

"రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఏం కనిపిస్తోంది, ఏం కనిపించట్లేదు అని అడుగుతాను. ఇంట్లో నా ఎదురుగా ఉన్నది నాకు కనిపించలేదు."

నీకు కనిపించకుండా నేనే దాచానని రాయబోయాను. ఆమె పలక లాక్కుని బీరువా మీద పెట్టేసింది.

"ఇప్పుడేం రాయకండి. ముందు రాయాల్సింది."

నవంబరు 6

ఇంట్లో మాట్లాడుతున్న మనిషి ఇప్పుడు మావయ్య ఒక్కడే. ఆయనకేమో ఏమీ వినపడదు.

నవంబరు 7

మా ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేసింది. నాకు వినపడేలా, నా వైపు చూడకుండా చేసింది. ఫలితం వచ్చిందట. ఫోన్లో చెప్పరట, సోమవారం ఇద్దరినీ రమ్మన్నారు.

ఫోన్లో ఎందుకు చెప్పరు.

నవంబరు 9, ఆదివారం

నిన్న తెల్లవారుజామున తొలి మంచు పడింది. లేచి చూస్తే డేలియాలు నల్లబడి, ఉడికించినట్టు వాలిపోయాయి. పళ్ళేలంత పూలు ఒక్క పూటలో. నాకు చాలా బాధనిపించింది. మావయ్య మాత్రం ఇందుకోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. మంచు తగిలాకే దుంపలు తవ్వాలట. తవ్వి, మట్టి దులిపి, పొడి ఇసుకలో పెడితే వసంతం దాకా నిద్రపోతాయి.

నేను తవ్వుతుంటే మా ఆవిడ వచ్చింది. పాత స్వెట్టరు, నా చెప్పులు వేసుకుంది. ఏమీ అనకుండా పక్కన కూర్చుని దుంపల మట్టి దులపడం మొదలుపెట్టింది. నాలుగు మొక్కలయ్యాక నోరు విప్పింది.

"పద్దెనిమిదేళ్ళ కాపురంలో నేను మొదలుపెట్టిన మాట నేనే పూర్తి చేయడం ఈ నెల రోజులుగానే. మధ్యలో అందుకునేవాళ్ళు లేరు." దుంప ఇసుకలో పెట్టింది. "అమ్మ కూడా ఇంతే చేసింది. నాన్నకి చెప్పలేదు, నాకు చెప్పలేదు. నేను పెరట్లోకి వచ్చినప్పుడల్లా ఓ చామంతి మొక్క చేతిలో పెట్టి పాతమనేది. తర్వాత తెలిశాక ఆ మొక్కలన్నీ పీకి పారేద్దామనుకున్నాను. పారేయలేదనుకోండి."

నేను ఇంకో దుంప తవ్వి ఆమె చేతికి అందించాను.

"రేపు ఏం చెప్పినా చెప్పనివ్వండి. ఇక మీదట ఏ కాగితం వచ్చినా ముందు నా చేతిలో పెట్టాలి. మంచిదైనా, చెడ్డదైనా. సరేనా?"

పలక దగ్గర లేదు. రెండు చేతులూ తల మీదకెత్తి దించాను.

కుర్చీలోంచి మావయ్య కేకేశాడు. "సరిపోయింది, పాతెయ్."

ఆమె ముందు నవ్వింది. తర్వాత స్వెట్టరు చేతిలో మొహం దాచుకుంది. నేను దగ్గరగా జరిగి కూర్చున్నాను. తొమ్మిది దుంపలు తవ్వాం. ఒకటి నా పార తగిలి రెండయింది. రెండూ మొలకెత్తుతాయంటాడు మావయ్య.

నవంబరు 10, సోమవారం

మామూలు పొక్కే. భయపడాల్సిందేమీ లేదు.

డాక్టరు చేత మా ఆవిడ ఆ మాట రెండు సార్లు చెప్పించింది. రెండోసారి కాగితం మీద వేలు పెట్టి, ఎక్కడ రాసి ఉందో చూపించమంది. ఫోన్లో ఎందుకు చెప్పలేదని కూడా నిలదీసింది. అది వాళ్ళ పద్ధతట, ఎవరికీ చెప్పరట. బయటికొచ్చి మంచినీళ్ళ కుళాయి దగ్గర ఆగి మొహం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

మేం వచ్చేసరికి మావయ్య వీధి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ మోకాళ్ళతో ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. ఆమె ఎదురుగా వెళ్ళి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. ఆయన ఆమె పెదాల వంకే చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"సరే. ఆకులు ఊడ్చాలి" అన్నాడు.

బట్టలు కూడా మార్చుకోకుండా చీకటి పడేదాకా ఊడ్చాను.

నవంబరు 14

చామంతులు విచ్చుకున్నాయి. నేను పీకి మళ్ళీ పాతిన పదకొండింటిలో తొమ్మిది బతికాయి. పసుపు, తెలుపు, ఇంకొకటి ఇటుక రంగు. ఎండ పల్చబడింది గానీ మధ్యాహ్నం గోడ దగ్గర కూర్చుంటే వీపుకు హాయిగా ఉంటుంది. మావయ్యా నేనూ చెరో గంట కునుకు తీస్తున్నాం. ఈ రోజులు ఇలాగే ఉంటే బాగుండనిపిస్తోంది. బుధవారం గొంతు పరీక్ష.

నవంబరు 19, బుధవారం

"ఒకటి నుంచి పది దాకా చెప్పండి" అన్నాడు డాక్టరు.

ఒకటి అన్నాను. ఎవరో అన్నారు. గచ్చు మీద ఇనప మంచం లాగినట్టు, అడుగు నుంచి, బొంగురుగా. వెనక్కి తిరిగి చూశాను. పది దాకా చెప్పాను. ఎక్కడా నా గొంతు కనపడలేదు.

బాగానే మానిందట. ఇంకొంచెం సాఫీ అవుతుందట. కానీ పాత గొంతు రాదు, గొంతెత్తి పలకాల్సిన ఉద్యోగం ఇక పెట్టుకోవద్దు అన్నాడు. ఇప్పటికి రోజుకు పది నిమిషాలే మాట్లాడాలి, అదీ మెల్లగా.

బయటికొచ్చాక మా ఆవిడతో మొదటి మాట అన్నాను. "ఎలా ఉంది?"

"ఎవరో పరాయి మగాడితో నడుస్తున్నట్టుంది" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. బస్సు వచ్చేదాకా వదల్లేదు.

పరవాలేదు.

నవంబరు 20

పరవాలేదు. ఆఫీసులో బస్సుల వేళల పట్టికలు వేసే విభాగంలో కుర్చీ ఖాళీగా ఉందట. సోమవారం కాక పై సోమవారం చేరమన్నారు. జీతంలో తేడా లేదు. పరవాలేదు.

నవంబరు 22

కాగితాల మీద సంతకాలు పెట్టడానికి బస్టాండుకు వెళ్ళాను. పని అయ్యాక ప్రయాణికులు కూర్చునే బల్ల మీద ఓ అరగంట కూర్చున్నాను. కొత్తమ్మాయి చివరి మాట మింగడం లేదు. ఊపిరి ముందే తీసుకుంటోంది. ఆలస్యంగా వచ్చే బస్సు గురించి చెబుతుంటే ఒక ముసలాయన చెవి ఒగ్గి, విని, సంచి సర్దుకుని సరైన చోటుకు వెళ్ళి నిలబడ్డాడు. అంతే కదా కావాల్సింది.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బస్సుల పొగ ఎక్కువగా ఉంది అక్కడ.

ఇంటికొచ్చి కొట్టు తలుపేసుకుని, నాకు కేటాయించిన పది నిమిషాలూ ఊళ్ళ పేర్లు వరసగా చదివాను. ఒక్కటీ పైకి లేవలేదు. అన్నీ నేల మీదే నడిచాయి.

నవంబరు 26

వెల్లుల్లి మొలకెత్తింది. ఆరు వరసలూ, పిడికెడంత ఎత్తు, సూదుల్లా. గుమ్మంలో నిలబడి చూస్తే గీత గీసినట్టుంది. మావయ్య ఒక కన్ను మూసి చూసి, ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే బాగుందని.

ఈ గొంతుతో ఆయనను ఇంకా పలకరించలేదు. దేనికి? ఆయనకు ఏ గొంతైనా ఒకటే.

నవంబరు 29, శనివారం

గట్టి మంచు రాబోతోందని పొద్దున రేడియోలో చెప్పారు. ఊడ్చి పోగేసిన ఆకులన్నీ వెల్లుల్లి మళ్ళ మీద పరచాలి. మావయ్య కుర్చీ తెచ్చి మడి పక్కనే వేశాను. ఆయన కూర్చుని, వంగి, చేతికందినంత మేర ఆకులు సర్దుతున్నాడు. నేను ఆయన వెనక నుంచి గంపతో తెచ్చి పోస్తున్నాను.

కుప్ప అడుగున ఆకులు నానిపోయి ఉన్నాయి. ఎవరితో అంటున్నానని ఆలోచించకుండానే, గంప దించుతూ అన్నాను. "ఇవి బాగా తడిగా ఉన్నాయి మావయ్యా. రేపు ఆరాక వేద్దాం."

"రేపటికి మంచు పడిపోతుంది. తడివి పక్కన పెట్టి పైవి తీసుకురా" అన్నాడు.

సరేనని గంప ఎత్తుకుని నాలుగడుగులు వేశాను. అప్పుడు ఆగాను. ఆయన నా వైపు చూడలేదు. వంగి ఆకులు సర్దుతూనే ఉన్నాడు. వీపు నా వైపుంది.

మళ్ళీ వెనక్కి వచ్చాను. గొంతు పెంచలేదు, పెంచడానికి లేదు కూడా. "మావయ్యా, నేను మాట్లాడేది వినపడుతోందా?"

ఆయన చేతులు ఆగిపోయాయి. మెల్లగా కుర్చీలో నా వైపు తిరిగాడు. నా మొహం చూడలేదు. గొంతు దగ్గర చూశాడు.

"ఇంకోసారి అను."

"వినపడుతోందా అంటున్నాను."

"వినపడుతోంది." ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మోటారు లాగా, కింద నుంచి వస్తోంది. చెవిలోకి కాదు, ఛాతీలోకి వస్తోంది. ఇదివరకు నువ్వు మాట్లాడేవాడివా?"

"వచ్చిన కొత్తలో చాలాసార్లు పలకరించాను. మీరు పలికేవారు కాదు."

"పెదాలు కదిలేవి. అంత వేగంగా కదిలితే నాకేం తెలుస్తుంది? సన్నటి గొంతులు నాకు ఎప్పుడో పోయాయి. ముందు పిట్టలు పోయాయి, తర్వాత ఆడవాళ్ళు." ఆకుల చెత్త చేతుల నుంచి దులుపుకున్నాడు. "అడిగితే బాగోదని అడగలేదు. కొన్నాళ్ళకి నువ్వు కదపడం కూడా మానేశావు. మైకులో పెద్ద ఉద్యోగం, ఇంట్లో ముసలాడితో ఏం మాట్లాడతాడులే అనుకున్నాను."

"మైకులో అరవడం కూడా ఓ ఉద్యోగమేనా అని మీరే అన్నారట కదా."

"అన్నాను. పెళ్ళిచూపులప్పుడు. ఆ రోజు మీ బస్టాండులో రెండు గంటలు కూర్చున్నా, నా బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఒక్క ముక్క వినపడలేదు. వినపడలేదని ఇంట్లో చెప్పుకోలేక నీ మీద పెట్టాను."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. చేతిలో గరిటె నుంచి ఏదో కారి మెట్టు మీద పడుతోంది.

"పొడి ఆకులు తెస్తావా, నన్నే వెళ్ళమంటావా?" అన్నాడు మావయ్య.

తెచ్చాను. ఆయన అడుగుతూ ఉన్నాడు, నేను చెబుతూ ఉన్నాను. మైకు గదిలో ఎలా ఉంటుంది, తప్పిపోయిన పిల్లలు దొరికినప్పుడు తల్లులు ఏమంటారు, కొత్త కుర్చీలో ఏం పని. ఆయన కొలిచిన పొలాలు, గొలుసు పట్టుకునే మనిషి చెప్పే అబద్ధాలు, అత్తయ్య మొదటి డేలియా దుంప ఎవరింటి నుంచి ఎత్తుకొచ్చింది. డాక్టరు ఇచ్చిన పది నిమిషాలూ మొదటి గంపకే అయిపోయాయి. మా ఆవిడ రెండు సార్లు గడియారం చూపించింది. మూడోసారి స్వెట్టరు వేసుకుని తనే వచ్చి మా పక్కన ఆకులు పరిచింది.

ఆరు వరసలూ కప్పేసరికి పొద్దు గుంకింది. మావయ్యను నేను ఒక పక్క, ఆమె ఒక పక్క పట్టుకుని లోపలికి తెచ్చాం.

ఏమేం మాట్లాడుకున్నామో అంతా రాద్దామని కూర్చున్నాను. గొంతు మంటగా ఉంది, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పక్క గదిలోంచి ఆయన పిలుస్తున్నాడు. ఏదో మర్చిపోయాడట చెప్పడం.